భయపడుతూనే మళ్లీ అదే ఎపిసోడ్ ఎందుకు అడుగుతాడు?

ప్రశ్న: మా బాబుకు అయిదేళ్లు నిండాయి. అడవిలో ఉండే నలుగురు స్నేహితుల సాహసాల కార్టూన్ సిరీస్ అంటే వాడికి ప్రాణం. ఉడుత, తాబేలు, ఎలుగుబంటి పిల్ల, చిలుక కలిసి ప్రతి ఎపిసోడ్‌లో ఎవరినో ఒకరిని ఆపద నుంచి గట్టెక్కిస్తాయి. ఎన్నో ఎపిసోడ్‌లు ఉన్నా, ఎలుగుపిల్ల వరదలో కొట్టుకుపోయేదే రోజూ పెట్టమంటాడు. ఆ దృశ్యం రాగానే చెవులు మూసుకుని సోఫా వెనక్కి పరుగెత్తుతాడు. మర్నాడు మళ్లీ అదే కావాలంటాడు. నేను పెట్టి ఇచ్చి వంట పనిలో పడతాను. కథల్లో మంచి ఉంది కదా అని చూపిస్తుంటే, అందులో నక్క కుందేలును వెక్కిరించినట్టు చెల్లెల్ని వెక్కిరించడం మాత్రం నేర్చుకున్నాడు. టీవీ ఆపితే ఇల్లు పీకి పందిరి వేస్తాడు. మా అత్తగారు పూర్తిగా మాన్పించమంటున్నారు. మావారు చిన్నపిల్లాడే కదా, వదిలేయమంటున్నారు. మరో సంగతి. తర్వాతి సీజన్‌లో ముసలి తోడేలు చనిపోయే ఎపిసోడ్ ఉందట. అది చూపించవచ్చా? — ఒక తల్లి

సమాధానం:

అమ్మా, ముందుగా మీ మనసు కుదుటపరిచే మాట చెబుతాను. భయపడుతూనే అదే కథ మళ్లీ మళ్లీ అడగడం ఈ వయసులో జబ్బూ కాదు, మొండితనమూ కాదు. మీ బాబు ఆ ఎపిసోడ్‌తో చాలా కష్టమైన పని ఒకటి చేస్తున్నాడు. ఆ పని ఒక్కడే చేస్తున్నాడు. మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది అదే. మాన్పించాలా, వదిలేయాలా అని మీ ఇంట్లో వాదన నడుస్తోంది కానీ, వాడి పక్కన ఎవరైనా కూర్చోవచ్చన్న మాట ఎవరూ అన్నట్టు లేదు.

మళ్లీ మళ్లీ చూడటం గురించి మొదట చెబుతాను. మనకు ఒకసారి చూసిన కథ పాతబడిపోతుంది. అయిదేళ్ల పిల్లలకు ఒకసారి చూసిన కథ ఇంకా అర్థం కావలసిన కథే. మొదటిసారి చూసినప్పుడు వాళ్లకు చిక్కేది విడివిడి దృశ్యాలు: నీళ్లు, అరుపు, తాడు, నవ్వు. ఏది దేనివల్ల జరిగిందో, ఎలుగుపిల్ల అసలు ఏటి ఒడ్డుకు ఎందుకు వెళ్లిందో రెండోసారి, మూడోసారి చూస్తే గానీ అతుక్కోదు. 1996లో అమెరికాలో ‘బ్లూస్ క్లూస్’ అనే పిల్లల టీవీ కార్యక్రమం మొదలైంది. బ్లూ అందులో ఒక బొమ్మ కుక్కపిల్ల. ఆ కార్యక్రమాన్ని తయారుచేసినవారు ఈ సంగతి గ్రహించి, సోమవారం నుంచి శుక్రవారం దాకా వరసగా అయిదు రోజులు ఒకే ఎపిసోడ్ ప్రసారం చేసేవారు. 1999లో అచ్చయిన ఒక పరిశోధనలో మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు అదే పద్ధతిలో ఒకే ఎపిసోడ్‌ను అయిదు రోజులు చూపించారు. చూసిన కొద్దీ పిల్లలకు కథ మరింత బాగా అర్థమైంది. తెరమీది పాత్ర అడిగిన ప్రశ్నలకు గట్టిగా జవాబులు చెప్పడం కూడా ఎక్కువైంది. విసుగు పుట్టడం కాదు, ధైర్యం పెరిగిందన్నమాట.

మీ బాబు విషయంలో దీనికి భయం కూడా తోడైంది. ఎలుగుపిల్ల బయటపడుతుందని వాడికి తెలుసు. తెలిసినా ఆ నీళ్ల చప్పుడు వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ముగింపు తెలిసిన భయం దగ్గరికి రోజూ వెళ్లి, కాస్త తట్టుకుని, వెనక్కి వస్తున్నాడు. వాడు కొత్త ఎపిసోడ్ అడగకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను. కొత్తదానిలో ఎవరికి ఏమవుతుందో తెలియదు, దీనిలో తెలుసు. ఆ సాధన పూర్తికాకముందే మనం బలవంతంగా మార్చేస్తే భయం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

ఒక చిన్న విషయం మీరు యథాలాపంగా రాశారు కానీ నాకు చాలా ముఖ్యంగా తోచింది. వాడు కళ్లు మూసుకోవడం లేదు, చెవులు మూసుకుంటున్నాడు. అంటే వాణ్ని భయపెడుతున్నది బొమ్మ కంటే శబ్దం. ఇలాంటి సాహస కార్టూన్‌లలో ఆపద వచ్చే ముందే సంగీతం మారుతుంది. డప్పులాంటి మోత నెమ్మదిగా పైకి లేస్తుంది, పాత్రల గొంతులు దానిలో కలిసిపోతాయి. పెద్దవాళ్లం కథలో పడిపోయి దాన్ని గమనించం. పిల్లల గుండె మాత్రం ఆ మోతకే అదురుతుంది. ఈసారి వరద దృశ్యం వచ్చే ముందు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని శబ్దం పూర్తిగా తగ్గించండి. బొమ్మ నడుస్తుంటే కథ మీ గొంతుతో మీరు చెప్పండి: ‘అదిగో, దుంగ వస్తోంది. ఇప్పుడు పట్టుకుంటుంది చూడు. ఉడుత ఎక్కడుంది?’ రెండు రోజులు అలా చూశాక రిమోట్ వాడి చేతికే ఇచ్చి, శబ్దం ఎంత ఉండాలో వాడినే చెప్పమనండి. సోఫా వెనక్కి వెళ్లినా ఏమీ అనకండి, పిరికివాడని నవ్వకండి. వాడికి అది రక్షణ స్థలం, అక్కడి నుంచి ముందుకు ఎప్పుడు రావాలో వాడికే తెలుస్తుంది.

‘అదంతా ఉత్తదే, బొమ్మే కదా’ అని చెప్పి ఊరుకోబెట్టాలని మనకు తోచడం సహజం. పిల్లల భయాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన జోఆన్ కాంటర్ అనే అమెరికన్ పరిశోధకురాలు చెప్పేది ఏమిటంటే, ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఈ తర్కం పెద్దగా పనిచేయదు. వాళ్లను ఒళ్లోకి తీసుకోవడం, చేయి పట్టుకోవడం, తాగడానికి ఏదైనా ఇవ్వడం, ఇష్టమైన దుప్పటి కప్పడం వంటివే ఎక్కువ ఊరటనిస్తాయి. మాటలతో వాదించకండి, దగ్గరగా ఉండండి చాలు.

ఇక నక్క సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు మోసపోయేది ఇక్కడే. ‘ఈ సిరీస్‌లో మంచి నీతులున్నాయి’ అన్న నమ్మకంతో పిల్లల ముందు పెట్టేస్తాం. నీతి ఉన్నమాట నిజమే. అది పిల్లవాడిదాకా వెళ్లిందా అన్నదే ప్రశ్న. 2008లో మారీ లూయీజ్ మేర్స్, ఎమిలీ అకోస్టా అనే ఇద్దరు పరిశోధకులు కిండర్‌గార్టెన్ పిల్లలకు ఒక ప్రసిద్ధ కుక్కల కార్టూన్ నుంచి ఒక ఎపిసోడ్ చూపించారు. అందులో మూడు కాళ్ల కుక్క ఒకటి వస్తుంది. మిగిలిన కుక్కలు మొదట దాన్ని చూసి జంకుతాయి, చివరికి స్నేహం చేస్తాయి. మనకంటే వేరుగా ఉన్నవారిని దూరం పెట్టకూడదన్నది రచయితల ఉద్దేశం. చూసిన పిల్లలను ఏం తెలుసుకున్నారని అడిగితే, చాలామంది మూడు కాళ్ల కుక్కల పట్ల మంచిగా ఉండాలన్న వరకే ఆగిపోయారు. కుక్క నుంచి మనిషి దాకా పాఠం నడిచి రాలేదు. అదే పరిశోధకులు 2010లో, కథలో పాఠాన్ని విడమరిచి చెప్పే చిన్న ముక్కలు చేర్చి చూపించారు. అప్పుడు పిల్లలకు విషయం మెరుగ్గా అందింది.

టోరంటోలో జరిగిన మరో పరిశోధన కూడా దీనికి దగ్గరిదే. అది 2017లో వెలువడింది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు, ఉన్నదాన్ని పంచుకోవడం గురించిన ఒకే కథను కొందరికి మనుషుల బొమ్మలతో, కొందరికి బట్టలు వేసుకున్న జంతువుల బొమ్మలతో చదివి వినిపించారు. మనుషుల కథ విన్న పిల్లలు ఆ తర్వాత తమ స్టిక్కర్లను ఎక్కువగా పంచుకున్నారు. జంతువుల కథ విన్నవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. అయితే వారిలోనూ, ఆ జంతువులను తమలాంటి మనుషులుగానే ఊహించుకోగలిగిన పిల్లలు మిగతావారికంటే ఎక్కువ పంచుకున్నారు.

నా దృష్టిలో మీ ఉత్తరంలోని చిక్కుముడి అంతా ఇక్కడే ఉంది. కొట్టుకుపోయింది ఎలుగుపిల్ల కాబట్టి మీ బాబు ఆ దృశ్యాన్ని రోజూ తట్టుకోగలుగుతున్నాడు. అదే ఒక పిల్లవాడు వరదలో కొట్టుకుపోతుంటే ఒక్కసారి కూడా చూడలేడు. జంతువు కావడం వల్ల కలిగిన ఆ దూరమే వాడికి రక్ష. కానీ ఆ దూరం వల్లే కుందేలు కన్నీళ్లు అడవిలోనే ఉండిపోయి, చెల్లెలి కన్నీళ్ల దాకా రావడం లేదు. ఆ మధ్య దూరం నడిపించి తీసుకురావలసింది పక్కన కూర్చున్న పెద్దవారు. కార్టూన్ ఎంత మంచిదైనా ఆ పని దాని వల్ల కాదు.

మరి వెక్కిరింపు మాత్రం ఎందుకు అంత సులువుగా వచ్చేసింది? కథ అల్లిక చూడండి. పదకొండు నిమిషాల ఎపిసోడ్ అయితే, అందులో చాలాసేపు నక్క చిలిపి చేష్టలే. దానికే సరదా మాటలు, దానికే నవ్వులు, దాని నడకకు ప్రత్యేకంగా ఒక పాట ముక్క. క్షమాపణ వచ్చేది చివరి అర నిమిషంలో, అదీ అందరూ కలిసి గంతులు వేసే హడావిడిలో. ఎక్కువసేపు చూపించింది, బాగా నవ్వించింది పిల్లవాడికి గుర్తుండటంలో వింత లేదు. వాడు చెడ్డ బుద్ధితో నేర్చుకున్నది కాదది. నక్క అలా అన్నప్పుడు ఇంట్లో అందరూ నవ్వి ఉంటారు కూడా.

కాబట్టి నక్క వెక్కిరించే చోట ఒక్కసారి ఆపండి. ‘దీని నీతి ఏమిటి?’ అని మాత్రం దయచేసి అడగకండి. అది పరీక్ష ప్రశ్న, ఆ మాట వినగానే పిల్లలు కథలోంచి బయటికి వచ్చేస్తారు. ‘కుందేలు చెవులు ఎందుకు అలా వాలిపోయాయి?’ అనండి. వాడు ఏదో ఒకటి చెబుతాడు. ‘ఏడుపు వస్తోంది దానికి’ అంటే, ‘నిన్న చెల్లి కూడా ఇలాగే మూతి ముడుచుకుంది, చూశావా?’ అని ఒక్క మాట అని మళ్లీ నడిపించండి. అంతకుమించి వద్దు. ఎపిసోడ్‌కు రెండు సార్లకు మించి ఆపకండి, కథ కథలా సాగాలి. తల్లిదండ్రులు వీడియో మధ్యలో ఆపి ఇలాంటి ప్రశ్నలు అడిగితే మూడేళ్ల పిల్లలు కూడా కథను, కొత్త మాటలను బాగా పట్టుకున్నారని 2013లో అచ్చయిన ఒక అధ్యయనం చూపించింది. చెల్లెల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ పాప నక్కగా, వాడు కుందేలుగా ఒకసారి ఆడమనండి. వెక్కిరింపు తనమీదికి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో మీరు చెప్పకుండానే వాడికి తెలుస్తుంది. ఆట శ్రుతి మించితే వెంటనే ఆపేయండి.

వంట మానుకుని రోజూ పక్కన కూర్చోవడం కుదరదని నాకు తెలుసు. రోజూ అక్కర్లేదు. వారానికి మూడు నాలుగు సార్లు, ఒక ఎపిసోడ్ మొదటినుంచి చివరిదాకా కూర్చుంటే చాలు. ‘వదిలేయండి’ అంటున్న మీవారికి ఈ పనిలో సగం అప్పగించండి. పిల్లవాడి ఇష్టం పట్ల ఆయనకు సానుభూతి ఉంది కాబట్టి ఆయన బాగానే చేస్తారు.

టీవీ ఆపినప్పటి గొడవకు మందు మీరు అనుకున్నంత కష్టం కాదు. మనం నిమిషాలు లెక్కపెడతాం, పిల్లలు కథలు లెక్కపెడతారు. గొడవ పుట్టేది ఆ తేడా దగ్గరే. ‘అరగంట అయింది’ అని తాబేలు తాడు విసిరే సమయానికి ఆపేస్తే, ఎలుగుపిల్ల ఇంకా నీళ్లలోనే ఉంది. ఏ పిల్లవాడు ఊరుకుంటాడు చెప్పండి? అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో అయిదేళ్లలోపు పిల్లలు తెర ముందు నుంచి లేచే సమయాన్ని ప్రత్యేకంగా పరిశీలించారు. కథ సహజంగా ముగిసిన చోట ఆపినప్పుడు, అది రోజువారీ అలవాటులో భాగమైనప్పుడు పిల్లలు సులువుగా లేచారు. ‘ఇంకో రెండు నిమిషాలే’ అని ముందుగా హెచ్చరించడం మంచి పద్ధతి అని మనం అనుకుంటాం. ఆ హెచ్చరిక విన్న పిల్లలే ఎక్కువ గొడవ చేసినట్టు వారికి కనిపించింది.

ఇలాంటి సిరీస్‌లలో ఎపిసోడ్ నిడివి మామూలుగా ఏడు, పదకొండు లేదా ఇరవై రెండు నిమిషాలు ఉంటుంది. మీది ఎంతో చూసుకుని, రోజుకు ఎన్ని అన్నది మీరే తేల్చుకోండి. ‘ఈరోజు రెండు కథలు’ అని మొదలుపెట్టక ముందే చెప్పండి. ఏ రెండన్నది వాడు ఎంచుకోవాలి, ఎన్ని అన్నది మీరు. ఒక ఎపిసోడ్ అవగానే దానంతట అదే తర్వాతిది మొదలయ్యే ఏర్పాటును సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈరోజే తీసేయండి. తర్వాతి ఎపిసోడ్ మొదటి పాట చెవిన పడ్డాక ఆపడం పెద్దవాళ్లకే కష్టం. ముగింపు పాట వస్తుండగా వాణ్నే లేచి ఆపమనండి, ఆ వెంటనే చేసే పని ఒకటి ఎప్పుడూ ఒకేలా ఉండనివ్వండి: స్నానమో, బొమ్మ వేయడమో, మొక్కలకు నీళ్లు పోయడమో. మొదటి కొన్ని రోజులు ఏడుస్తాడు. మాట మార్చకండి. అన్నం తినిపించడానికి మాత్రం కార్టూన్‌ను వాడకండి, ఆ అలవాటు ఉంటే ముందు దాన్ని వదిలించుకోండి.

మీ అత్తగారి మాటను తేలిగ్గా తీసుకోవద్దని కూడా చెప్పాలి. తెర ముందు ఎక్కువసేపు కూర్చోవడం పసిపిల్లలకు మంచిది కాదన్న ఆవిడ ఆందోళన సరైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదు, అంతకంటే తగ్గితే ఇంకా మేలు. మీ బాబు ఇప్పుడే ఆ వయసు దాటాడు కాబట్టి ఆ హద్దునే ఇంకొంతకాలం పాటించమంటాను. అలాగే అన్ని కార్టూన్‌లూ ఒకటి కావు. 2011లో నాలుగేళ్ల పిల్లలు అరవై మందితో చేసిన ఒక పరిశోధనలో కొందరు చాలా వేగంగా సాగే కార్టూన్‌ను తొమ్మిది నిమిషాలు చూశారు, కొందరు నిదానంగా సాగేది చూశారు, కొందరు బొమ్మలు వేసుకున్నారు. వేగవంతమైనది చూసిన పిల్లలు ఆ వెంటనే ఇచ్చిన పనుల్లో ఓపికగా ఉండటంలో, చెప్పింది గుర్తుంచుకుని చేయడంలో వెనకబడ్డారు. ఆ కార్టూన్‌లో సగటున ప్రతి 11 సెకన్లకు దృశ్యం మారిపోయేది, నిదానమైనదానిలో 34 సెకన్లకు. మీ సిరీస్‌ను ఈ కంటితో ఒకసారి చూడండి. ఒక దృశ్యం కాస్త నిలుస్తోందా? పాత్రలు ఆగి ఆలోచిస్తున్నాయా? వాటి మాటలు వినిపిస్తున్నాయా? అయితే మంచిదే. ఈ లెక్కన మాన్పించవలసినవి వేరే ఉంటాయి, ఆవిడతో ఆ మాటే చెప్పండి.

వరద ఎపిసోడ్ గురించి ఇంకొక్క సలహా. నిజమైన ఎలుగుబంట్లు బాగా ఈదగలవు. ఎలుగుబంటి ఏరు దాటే నిజమైన వీడియో ఒకటి వెతికి మీ బాబుకు చూపించండి. నిజమైన ఎలుగును చూశాక, ఏడ్చే బొమ్మ ఎలుగు మీద వాడికి కొత్త ప్రశ్నలు పుడతాయి. తాబేళ్లలో నీటిలో ఉండేవి ఈదుతాయి, నేలమీద ఉండే రకాలు ఈదలేవు. మీ సిరీస్‌లోది ఏ రకమో వాడినే తేల్చమనండి. కాళ్లు చూస్తే తెలుస్తుంది: నేల తాబేలు కాళ్లు మొద్దుగా స్తంభాల్లా ఉంటాయి, నీటి తాబేలు వేళ్ల మధ్య పొర ఉంటుంది, సముద్రపు తాబేలుకైతే తెడ్లే. బొమ్మల జంతువులు మనలా మాట్లాడటం వల్ల పిల్లలు నిజమైన జంతువులకూ మన ఆలోచనలే అంటగడతారు. దానికి విరుగుడు ఇలాంటి చిన్న శోధనే. భయపెట్టిన కథ గురించి తానే ఏదో కనిపెట్టడం ఈ వయసులో చాలా పెద్ద గెలుపు.

చివరిగా ముసలి తోడేలు. పిల్లల కథల్లో చావు కొత్త కాదు. పేరుపొందిన 45 పిల్లల యానిమేషన్ చిత్రాలను పెద్దల నాటకీయ చిత్రాలతో పోల్చి 2014లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, ముఖ్యమైన పాత్ర తెరమీద చనిపోయే ప్రమాదం పిల్లల చిత్రాల్లోనే రెండున్నర రెట్లు ఎక్కువ. ఎప్పుడో ఒకప్పుడు వాడికి ఎదురయ్యేదే. అయితే ముందు మీరొక్కరే ఆ ఎపిసోడ్ చూడండి. తోడేలు ఎలా చనిపోతుంది, ముసలితనం వల్లా, వేట వల్లా? ఆ తర్వాత మిగిలిన జంతువులు ఏడవడానికి, దాన్ని తలచుకోవడానికి కథలో చోటుందా, లేక వెంటనే మరో సాహసంలోకి దూకేస్తాయా? రెండో రకం అయితే ఇప్పట్లో వద్దు. మొదటి రకం అయితే చూపించవచ్చు, కానీ మీ ఇంట్లో ఎవరైనా ఇటీవల చనిపోయి ఉన్నా, ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోయినా కొంతకాలం ఆగండి. చూపించే రోజు సాయంత్రం పడుకునే ముందు కాకుండా పగటిపూట, ఇద్దరికీ తీరిక ఉన్నప్పుడు పెట్టండి. ‘ఇందులో ముసలి తోడేలు చనిపోతుంది’ అని ముందే చెప్పండి. కథ పాడవుతుందని సంకోచించకండి, వాడికి ముగింపు తెలిసిన కథే ఇష్టమని ఇప్పటికే మనకు తెలుసు. ‘నిద్రపోయింది’ అని మాత్రం చెప్పకండి, రాత్రి నిద్రంటే భయం పట్టుకుంటుంది. చనిపోయింది, ఇక తిరిగి రాదు అనే చెప్పండి. ‘నువ్వు కూడా చనిపోతావా?’ అని అడిగితే, ‘అందరూ ఎప్పుడో ఒకప్పుడు చనిపోతారు, నేను మాత్రం చాలా చాలా కాలం నీతోనే ఉంటాననుకుంటున్నాను’ అనండి. అదే ప్రశ్న నాలుగు రోజులు వరసగా వేసినా అదే జవాబు, అంతే నెమ్మదిగా చెప్పండి.